పారిస్‌లో చవక గ్లాసు కోసం ఒక ఆప్‌తో ఆరు వారాలు

నమస్కారం. మొదలుపెట్టే ముందే చెప్పేస్తాను: ఈ ఆప్ వాళ్లు నాకు మూడు నెలల చందా ఉచితంగా ఇచ్చారు. డబ్బు ఇవ్వలేదు. పేరు ఇందాక తెరమీద చూశారు కదా, ఇక మళ్లీ పలకను. వీడియోలో నాలుగైదుసార్లు పలకమని వాళ్లు అడిగారు. ఉచిత చందాకు అంత సేవ నా వల్ల కాదు.

పారిస్‌లో ఏ బారులో హ్యాపీ అవర్, అంటే మందు ధర తగ్గించే వేళ, ఎప్పుడు మొదలవుతుందో, ఏ గ్లాసు ఎంతో మ్యాపు మీద చూపించే ఆప్ ఇది. ఎన్ని బార్లు చేరాయి, ఏ ఫోన్లలో పనిచేస్తుంది, చందా ఎంత అన్నవి మీరు ఇప్పటికే వేరే వీడియోల్లో చూసే ఉంటారు. నేను వాటి జోలికి వెళ్లను. ఆరు వారాలు వాడాను, వారానికి రెండు సాయంత్రాలు, మూడో సాయంత్రానికి జేబు ఒప్పుకోలేదు. చివరి రెండు వారాలు మా అక్క విజయవాడ నుంచి వచ్చి నా దగ్గర ఉంది. అక్క మందు ముట్టదు. ఈ రివ్యూ దారి మళ్లింది అక్కడే.

కొత్తగా చదువుకోవడానికి వచ్చినవాళ్ల కోసం ఒక్క మాట. హైదరాబాద్‌లో హ్యాపీ అవర్స్ అంటే ఒకటి కొంటే ఒకటి ఉచితం అన్న లెక్క మన బుర్రలో ఉంటుంది. ఇక్కడ ఆ పద్ధతి తక్కువ. ఒకటే గ్లాసు, ధర తగ్గుతుంది, అంతే. చాలాచోట్ల సాయంత్రం ఐదింటికో ఆరింటికో మొదలై ఎనిమిదికి ముగుస్తుంది. కుర్రకారు తిరిగే వీధుల్లో ఇంకాస్త సాగుతుంది. నేను తిరిగిన చోట్ల మామూలు వేళ ఎనిమిది యూరోలున్న పింట్ ఐదుకో ఐదున్నరకో దొరికింది. పింట్ అంటే ఇక్కడ అర లీటరు, లండన్ పింట్ కంటే చిన్నది. దెమి అని అడిగితే పావు లీటరు గ్లాసు వస్తుంది. నా అనుభవంలో తగ్గింపు ఎక్కువగా పింట్‌కే రాస్తారు. కాస్తే తాగుదామని దెమి చెప్పినవాడికి పూర్తి ధర, ఎక్కువ తాగేవాడికి తగ్గింపు. ఇది ఎక్కడి న్యాయమో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

సరే, ఆప్‌లో నాకు నచ్చింది మొదట చెబుతాను, త్వరగా అయిపోతుంది. ఒక గడియారం ఉంది. మీరు బాస్తీయ్ దగ్గర మెట్రో దిగి ఫోను తెరిస్తే, చుట్టుపక్కల బార్ల మీద చిన్న వలయాలు కనిపిస్తాయి. హ్యాపీ అవర్ ఇంకా ఎన్ని నిమిషాలుందో ఆ వలయం క్రమంగా తగ్గుతూ చూపిస్తుంది. ర్యూ ద లాప్ అనే వీధి అక్కడే ఉంది, ఒకదాని పక్కన ఒకటిగా అన్నీ బార్లే. అలాంటి చోట ఈ వలయాలు భలే ముద్దుగా ఉంటాయి. ఆఫీసులో ఆలస్యమైన రోజు మెట్లు ఎక్కుతూనే ఎటు వెళ్లాలో తేల్చుకోవచ్చు.

కానీ ఆ గడియారాన్ని నమ్మి నేను ఒకసారి మునిగాను. ఏడూ యాభై ఆరుకి బల్ల దగ్గర కూర్చుని ఆర్డరు చెప్పాను. ఫోనులో ఇంకా నాలుగు నిమిషాలుంది. కుర్రాడు తల ఊపి వెళ్లాడు, ఎనిమిదీ అయిదుకి గ్లాసు తెచ్చాడు, బిల్లు ఎనిమిది యూరోలు. నేను నోటితో చెప్పిన సమయం వాళ్లకు లెక్క కాదు, వాళ్లు మిషన్‌లో కొట్టిన సమయమే లెక్క. మిషన్ ఎనిమిది కొట్టగానే తనంతట తానే ధర మార్చేసుకుంటుందట. నేను ఫోను చూపించాను. అతను గోడమీది గడియారం చూపించాడు. అది రెండు నిమిషాలు ముందుంది! అప్పటి నుంచి నా నియమం ఒకటే: చివరి పావుగంటలో బల్ల దగ్గర కూర్చోను, నేరుగా కౌంటరు దగ్గరికి వెళ్లి చెప్పి, అక్కడే డబ్బు కట్టేస్తాను.

కౌంటరు అన్నాను కదా, ఇప్పుడు నా అసలు మొదటి ఫిర్యాదు. మన ఊళ్లలో ఒకే హోటల్లో నిలబడి తింటే ఒక ధర, ఏసీ గదిలో కూర్చుంటే ఇంకో ధర ఉంటుంది కదా. అవే ఇడ్లీలు, అదే చట్నీ. పారిస్‌లో కూడా సరిగ్గా ఇదే. కౌంటరును ఇక్కడివాళ్లు జింక్ అంటారు, పూర్వం దానిమీద ఆ లోహపు రేకు పరిచేవారు కాబట్టి ఆ పేరు. అక్కడ నిలబడితే ఒక ధర, లోపల కూర్చుంటే ఇంకొకటి, బయట వీధివైపు కుర్చీలో కూర్చుంటే కొన్నిచోట్ల మూడోది. కాఫీకి ఈ తేడా అందరికీ తెలుసు, కౌంటరు దగ్గర గుక్కలో తాగేసి పోయేవాళ్లను పొద్దున్నే చూస్తూనే ఉంటాం. బీరుకు, వైనుకు కూడా ఉంటుంది. హ్యాపీ అవర్ వేళ కొన్ని బార్లు తేడా తీసేస్తాయి, కొన్ని తీసెయ్యవు.

ఆప్‌లో ఒక్క ధరే ఉంటుంది. అది నిలబడినవాడి ధరా, కూర్చున్నవాడి ధరా? ఎక్కడా రాయలేదు. ఆరు వారాల్లో మూడుసార్లు నాకు ఆప్ చెప్పిన ధర నిలబడినవాడిదని తేలింది, అదీ నేను హాయిగా కూర్చున్నాక. ఫ్రాన్స్‌లో బార్లు ఈ ధరల పట్టికను బయటికి కనిపించేలా పెట్టాలని నియమం ఉంది. కాఫీ, దెమి బీరు, సోడా, పళ్లరసం లాంటి మామూలు వస్తువులకు కౌంటరు ధర, బల్ల ధర విడివిడిగా రాసి ఉంటాయి. తలుపు పక్కన అద్దానికి అతికించిన ఆ చిన్న కాగితాన్ని మనలో ఎవరైనా చదువుతామా? నేను నాలుగేళ్లు ఇక్కడ ఉండి చదవలేదు. దానిలో ఉన్న సమాచారం ఈ ఆప్‌లో ఉన్నదానికంటే ఎక్కువ, చందా కూడా లేదు.

ఇప్పుడు అక్క సంగతికి వస్తాను. పదకొండో వార్డులో, ఒబెర్‌కాంప్ఫ్ వైపు, ఒక బారు. ఆప్‌లో ఆకుపచ్చ చుక్క, అంటే చవక. నాకు పింట్, అయిదు యూరోలు. అక్కకు కోలా, 33 సెంటీలీటర్ల సీసా, నాలుగూ ఎనభై. పక్కన నిమ్మముక్క వేసిన గ్లాసు, అందులో మూడు మంచుముక్కలు. అక్క ఆ సీసాను చేత్తో పట్టుకుని, నా గ్లాసు వైపు చూసి, మళ్లీ సీసా వైపు చూసి అంది: "ఏరా, నీకు అర లీటరు బీరు అయిదు, నాకు ఈ కాస్త తీపినీళ్లు నాలుగూ ఎనభైనా? ఇక్కడ తాగనివాళ్లకు జరిమానా వేస్తారా?"

నేను నవ్వేశాను. ఇంటికి వెళ్లాక నవ్వు రాలేదు, ఎందుకంటే ఆమె మాట నిజం. ఇన్నేళ్లూ తాగని స్నేహితులతో వెళ్లి, వాళ్ల బిల్లు వైపు నేను ఒక్కసారీ చూడలేదు. ఆ రాత్రి కూర్చుని వెతికితే తెలిసింది: ఫ్రాన్స్‌లో 2009లో వచ్చిన ఆరోగ్య చట్టంలో దీని గురించే ఒక నియమం ఉంది. పద్దెనిమిదేళ్లలోపు వాళ్లకు మద్యం అమ్మకూడదని గట్టిగా చెప్పింది కూడా ఈ చట్టమే. ఆ నియమం ప్రకారం, ఒక బారు కొన్ని గంటలపాటు మద్యం ధర తగ్గిస్తే, అదే వేళలో మద్యం లేని పానీయాలను కూడా తగ్గించిన ధరకు అమ్మాలి. ఇష్టముంటే కాదు, అమ్మి తీరాలి.

ఇంకోటి కూడా ఉంది, అది నాకు మరీ ముచ్చటేసింది. ప్రతి బారులోనూ మద్యం లేని పానీయాలను కనీసం పది సీసాలు అందరికీ కనిపించేలా విడిగా వరుసలో పెట్టాలట. పళ్లరసం, సోడా, లిమొనాద్ అనే తీపి నిమ్మసోడా, షర్బత్తు, నీళ్లు, ఒక్కో రకం నుంచి కనీసం ఒక్కటి. తరువాత వెళ్లిన ప్రతి బారులో అక్క మొదట చేసిన పని ఆ పది సీసాలు లెక్కపెట్టడం! కౌంటరు వెనక, విస్కీ సీసాల పక్కన, దుమ్ము పట్టిన ఒక టమాటారసం సీసా, ఒక దానిమ్మ షర్బత్తు. "ఏడే ఉన్నాయిరా," అనేది. ఒకచోట తొమ్మిది దగ్గర ఆగి, మూలలో పదోది కనిపించేదాకా కుర్చీ దిగలేదు.

నేను రెండుచోట్ల అడిగాను. మొదటిచోట, తగ్గింపు బీరుకూ కాక్‌టెయిళ్లకూ మాత్రమే అని తేల్చేశారు. చట్టం గురించి నా వచ్చీరాని ఫ్రెంచిలో చెప్పబోతే, ఆ అమ్మాయి చాలా మర్యాదగా ఒక గ్లాసు మంచినీళ్లు తెచ్చి పెట్టి వెళ్లిపోయింది. అదీ నియమమేలెండి. అడిగితే తాగునీరు ఉచితంగా ఇవ్వాలి, ఆ సంగతి మెనూలోనో గోడమీదో రాయాలి కూడా. మీరూ సిగ్గుపడకుండా అడగండి.

రెండోచోట కథ వేరు. పదమూడో వార్డులో బ్యుత్ ఒ కాయ్ అని చిన్న గుట్టలాంటి పేట ఉంది, కోర్విజార్ మెట్రో స్టేషన్‌లో దిగి పైకి నడవాలి. పారిస్ మధ్యలో పల్లెటూరు వీధిలా ఉంటుంది, విద్యార్థులు ఎక్కువ. అక్కడ ఒక బారులో నల్లపలక మీద సుద్దతో పింట్ ధర, దాని కింద దియాబోలో రెండున్నర అని రాసి ఉంది. దియాబోలో అంటే లిమొనాద్‌లో షర్బత్తు కలిపింది. అక్క పుదీనాది చెప్పింది. పొడుగు గ్లాసులో పచ్చగా, అడుగున చిక్కగా, పైకి వచ్చేకొద్దీ పలచబడుతూ వచ్చింది. మొదటి గుక్కకు మొహం చిట్లించి, "పళ్లపొడి రుచి," అంది. తరువాత ఇంకోటి తెప్పించుకుంది. ఆ సాయంత్రం మా ఇద్దరి బిల్లూ కలిపి పది యూరోలు: నాకు ఒక పింట్, ఆమెకు రెండు దియాబోలోలు. పారిస్‌లో ఇద్దరు మనుషులు రెండు గంటలు కూర్చున్నందుకు అది.

ఈ బారు ఆప్‌లో ఉందా? ఉంది. పసుపుచుక్క, అంటే ఓ మాదిరి. పక్కవీధిలో పింట్ అరయూరో తక్కువ కాబట్టి అది ఆకుపచ్చ. దియాబోలో ధర ఆప్‌కు తెలియదు. మొత్తం ఆప్‌లో బీరు, వైను, కాక్‌టెయిల్ అని మూడే గళ్లున్నాయి. నాలుగో గడి లేదు. చట్టం చేసినవాళ్లకు తట్టింది ఆప్ చేసినవాళ్లకు తట్టలేదు.

ఈ కంపెనీకి రాశాను. వాళ్ల జవాబు: "మా వాడుకరులు అది అడగడం లేదు." ఎందుకు అడుగుతారు, తమకోసం ఏమీ లేని ఆప్‌ను తాగనివాళ్లు దింపుకుంటే కదా!

ఇంకో చిన్న లెక్క చెప్పి ముగిస్తాను. ఆప్ మిమ్మల్ని ఊరంతా తిప్పుతుంది, అక్కడ అయిదు, ఇక్కడ నాలుగున్నర అంటూ. 2025లో పారిస్‌లో ఒక్క మెట్రో టికెట్ రెండున్నర యూరోలు ఉండేది. ఆ లెక్కన నెలవారీ పాసు లేనివాళ్లు యాభై సెంట్లు మిగుల్చుకోవడానికి రానుపోను అయిదు యూరోలు పెట్టేవారన్నమాట. పైగా కొన్ని బార్లు ఇంత మొత్తం దాటితేనే కార్డు తీసుకుంటామని రాసి పెడతాయి. ఒక్క గ్లాసుకు వెళ్లినవాడు రెండో గ్లాసు తాగడం అక్కడే మొదలవుతుంది.

నేను విద్యార్థిగా ఉన్నప్పుడు ఆప్‌లు వాడలేదు. మా గదిలో ఒక రూళ్ల నోటుబుక్కు ఉండేది. నలుగురం ఉండేవాళ్లం, ఎవరు ఎక్కడికి వెళ్లినా పలక మీది ధరలు అందులో రాయాలి. ముఫ్తార్ వీధి వైపు ఒక పేజీ, కాలువ వైపు ఒక పేజీ. తాగని వాడొకడు నెల్లూరు నుంచి ఉండేవాడు, లా షపెల్‌లో తమిళుల హోటళ్లలో దోసె ఎంతో వాడే రాసేవాడు, తాగాక అందరం చేరేది అక్కడికే కాబట్టి. మధ్యలో ఒకసారి హాస్టల్‌లో అమ్మిన కూపన్ల పుస్తకం కూడా కొన్నాం. సగం బార్లు ఆ కూపన్లను చూసి భుజాలెగరేశాయి. నోటుబుక్కు మాత్రం ఎప్పుడూ మోసం చేయలేదు. అందులో కౌంటరుకు ఒక గడి, బల్లకు ఒక గడి ఉండేవి. ఇప్పుడు తలచుకుంటే, ఆ నెల్లూరు వాడు తన షర్బత్తు ధరకు కూడా మార్జినులో ఒక గీత గీసుకున్నాడు.

ఇక తీర్పు. ఉచిత నెలలు అయిపోగానే నా ఫోనులోంచి ఈ ఆప్ తీసేస్తాను. మీరు డబ్బు కట్టి కొనవద్దు. సాయంత్రం ఆరింటికి మీకు దగ్గరి రెండు వీధులు నడవండి, తలుపు పక్కన కాగితం చదవండి, నల్లపలక ఫొటో తీసి పెట్టుకోండి. అయిదు నక్షత్రాలు ఇస్తే బాగుంటుందని కంపెనీ వాళ్లు నిన్న గుర్తుచేశారు. రెండు ఇచ్చాను. ఒకటి ఆ గడియారానికి. రెండోది అక్క ఇప్పించింది, విమానం ఎక్కే ముందు, ఆ పుదీనా నీళ్ల కోసం. అందులో ఆప్ గొప్పతనం ఏమీ లేదని చెప్పాను, వినలేదు.