రాజుగారి మనిషికి మూసుకునే తలుపు

శ్రోతలకు నమస్కారం.

లండన్‌లో పార్లమెంటు సమావేశాలు మొదలయ్యే రోజున ఒక తంతు జరుగుతుంది. రాజు ప్రభువుల సభలో సింహాసనం మీద కూర్చుని, ప్రజలెన్నుకున్న కామన్స్ సభ సభ్యులను పిలుచుకురమ్మని ఒక అధికారిని పంపుతాడు. చేతిలో నల్లకర్ర ఉంటుంది కాబట్టి ఆ పదవికి బ్లాక్ రాడ్ అని పేరు. ఆ అధికారి కామన్స్ గుమ్మం దాకా వచ్చేసరికి లోపలివాళ్లు ధడాలున తలుపు మూసేస్తారు. ఆ కర్రతో మూడుసార్లు కొట్టాకే తీస్తారు. చూసేవాళ్లకు అదొక వేడుక. ఆ తలుపు వెనక ఒక యుద్ధం ఉంది, ఒక రాజు తల ఉంది. వాటికంటే ముందు 20 షిల్లింగుల పన్ను ఉంది. ఇవాళ నేను ముఖ్యంగా ఆ 20 షిల్లింగుల సంగతే చెప్పాలని వచ్చాను.

మొదటి చార్లెస్ రాజుకు పార్లమెంటు అంటే గిట్టేది కాదు. తన అధికారం దేవుడిచ్చిందని అతని నమ్మకం. 1629లో సభను రద్దు చేసి, 11 ఏళ్లు మళ్లీ పిలవలేదు. మరి ఖర్చులకు డబ్బు? కొత్త పన్ను వేయాలంటే సభ ఒప్పుకోవాలి. అందుకని పాతవాటిని తవ్వి తీశాడు. యుద్ధం వచ్చినప్పుడు రేవు పట్టణాల నుంచి వసూలు చేసే ఓడల పన్ను అందులో ఒకటి. 1635లో దాన్ని సముద్రం మొహమే చూడని లోపలి జిల్లాలకూ వేశాడు.

బకింగ్‌హామ్‌షైర్‌లో జాన్ హాంప్‌డెన్ అనే భూస్వామి ఉండేవాడు. ఒక ఎస్టేటు మీద ఆయనకు పడింది 20 షిల్లింగులు, అంటే ఒక్క పౌను. కలిగినవాడే, కట్టేసి ఊరుకోవచ్చు. కట్టనన్నాడు. కేసు 12 మంది జడ్జీల ముందుకు వెళ్లింది. 1638లో ఏడుగురు రాజు వైపు, ఐదుగురు హాంప్‌డెన్ వైపు మొగ్గారు. ఆయన ఓడిపోయాడు. కానీ రాజుగారి జడ్జీల్లోనే ఐదుగురు కాదన్నారన్న మాట జనంలోకి పోయింది. ఆ తర్వాత ఓడల పన్ను వసూలు కావడమే కష్టమైపోయింది.

ఈలోగా స్కాట్లండ్‌తో యుద్ధం. డబ్బు లేక 1640లో సభను పిలవక తప్పలేదు. అడిగిన డబ్బు ఇవ్వడానికి ముందు మా గోడు వినమంది సభ. తగవు ముదిరింది. 1642 జనవరి 4న చార్లెస్ సైనికులను వెంటబెట్టుకుని, ఐదుగురు సభ్యులను పట్టుకోవడానికి స్వయంగా కామన్స్‌లోకి వచ్చాడు. ఆ ఐదుగురిలో హాంప్‌డెన్ ఒకడు. ముందే కబురంది వాళ్లు పడవలో తప్పించుకున్నారు. వాళ్లెక్కడని రాజు స్పీకర్ లెంథాల్‌ను అడిగాడు. లెంథాల్ మోకాళ్ల మీద కూర్చుని, ఈ సభ ఆదేశిస్తే తప్ప తనకు చూసే కళ్లు గానీ పలికే నాలుక గానీ లేవని జవాబిచ్చాడు. వంగింది మోకాలే, మాట వంగలేదు. ఆ ఘట్టం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఆనాటి నుంచి సభ జరుగుతుండగా ఏ రాజూ, ఏ రాణీ అందులో అడుగుపెట్టలేదు.

ఆ ఏడే అంతర్యుద్ధం మొదలైంది. 1643లో హాంప్‌డెన్ యుద్ధంలో గాయపడి చనిపోయాడు. 1649 జనవరి 30న చార్లెస్ తల నరికారు. చాలామంది చరిత్ర చెప్పేటప్పుడు ఇక్కడ చాలాసేపు ఆగుతారు. నేను ఆగను. రాజు పోయాక పెత్తనానికి వచ్చిన పార్లమెంటు సేనాని క్రామ్‌వెల్ కూడా 1653లో సైనికులతోనే సభను వెళ్లగొట్టాడు. చివరికి ఆ చార్లెస్ కొడుకే 1660లో గద్దెనెక్కాడు.

1689లో మాత్రం పని గట్టిగా జరిగింది. ఆ తర్వాతి రాజు రెండో జేమ్స్ పారిపోయాక విలియం, మేరీ దంపతులకు కిరీటం ఇస్తూ పార్లమెంటు హక్కుల చట్టం చేసింది. సభ మంజూరు లేని పన్ను చెల్లదు. యుద్ధం లేని కాలంలో సభ ఒప్పుకోని సైన్యం చెల్లదు. సైన్యాన్ని అదుపులో పెట్టే చట్టానికి కూడా కొద్ది నెలల ఆయుష్షే ఇచ్చారు, తర్వాత ఏడాదికోసారి పొడిగిస్తూ వచ్చారు. 1689 నుంచి నేటివరకు అక్కడ పార్లమెంటు కొలువుదీరని ఏడాది లేదు. మన ఇళ్లలో అత్తగారి బొడ్డున ఉండే తాళంచెవుల గుత్తి కోడలి బొడ్డుకు మారితే, పెత్తనం ఎవరిదో ఎవరూ చెప్పక్కర్లేదు కదా! 1708లో ఆన్ రాణి ఒక బిల్లుకు సమ్మతి నిరాకరించింది. ఆ తర్వాత ఏ రాజూ ఆ సాహసం చేయలేదు. 1760లో మూడో జార్జి వంశపారంపర్యపు రాబడిని వదులుకుని, ఏడాదికి 8 లక్షల పౌన్ల భత్యం పుచ్చుకోవడానికి ఒప్పుకున్నాడు.

ఇక్కడ ఒక బాధ చెప్పుకోవాలి. ఆ సభలో కూర్చున్నది చాలాకాలం భూస్వాములు, సంపన్నులే. ఆడవాళ్లకు మగవాళ్లతో సమానంగా ఓటు వచ్చింది 1928లో. అంతకన్నా పెద్ద బాధ మనది. తన రాజు చేస్తే సహించని పనినే ఆ పార్లమెంటు కింద నడిచిన ప్రభుత్వం మన మీద చేసింది, మన సమ్మతి లేకుండా పన్ను వేసింది. గుంటూరు జిల్లా పెదనందిపాడు ప్రాంతపు రైతులు 1922లో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో పన్ను కట్టేది లేదని భీష్మించారు. గ్రామోద్యోగులు రాజీనామాలిచ్చారు. హాంప్‌డెన్ కథ చదివినప్పుడల్లా నాకు ఆ రైతులే గుర్తొస్తారు. వాళ్లు హాంప్‌డెన్ లాంటి కలిగినవాళ్లు కారు, జప్తు అయ్యేది ఇంట్లో గొడ్డూ గోదా.

మన రాజ్యాంగంలో 265వ అధికరణం ఒకే ఒక్క వాక్యం. చట్టం ఇచ్చిన అధికారంతో తప్ప ఏ పన్నూ వేయరాదు, వసూలు చేయరాదు. ఏటా బడ్జెట్ వేళ లోక్‌సభలో ఒక్కో శాఖ పద్దూ ఓటుకు రావాలి. విధానం నచ్చకపోతే ఆ పద్దును ఒక్క రూపాయికి తగ్గించమని ఏ సభ్యుడైనా కోత తీర్మానం పెట్టవచ్చు. కానీ గడువు ముగిసే వేళకు మిగిలిన పద్దులన్నీ చర్చ లేకుండా ఒకేసారి ఓటుకు వెళ్తాయి. దాన్ని గిలటిన్ అంటారు. ఒక్క పౌను కోసం ఒక మనిషి రాజుతో కోర్టులో తలపడ్డ కథ తెలిసి, లక్షల కోట్లు అలా దాటిపోవడం వింటుంటే నా ప్రాణం ఉసూరుమంటుంది.

నమస్కారం.