దాతల రాయి మీద దీర్ఘం పోయింది, ఆ వంకతో భట్టిప్రోలు దిబ్బ కథ

నమస్కారం అండీ, అందరూ బాగున్నారా. ముందు ఊరి కబుర్లు రెండు చెప్పేసి అసలు విషయంలోకి వస్తాను. కోతలైపోయాయి, రోడ్డు సగం ధాన్యమే, రాత్రిపూట బండి మీద వచ్చేవాళ్లు కాస్త నెమ్మదిగా రండి, పట్టాల అంచుల మీద పెట్టిన రాళ్లు చీకట్లో కనపడవు. మొన్న మా చిన్నాన్న బండి అలాగే జారింది, మోకాలు కొట్టుకుపోయింది. మినుము మొలక మాత్రం ఈసారి బాగుంది.

ఇక పెద్ద వార్త, దాతల రాయి గొడవ. మా రామాలయానికి ప్రహరీ కట్టారు కదా, దానికి చందాలిచ్చిన వాళ్ల పేర్లన్నీ ఒక నల్ల గ్రానైటు పలక మీద చెక్కించి గేటు పక్కన పెట్టారు. తీరా చూస్తే ఒకాయన ఇంటిపేరులో దీర్ఘం ఎగిరిపోయింది. ఆయన ఇచ్చింది ఐదు వేలు, పేరేమో వెయ్యి నూట పదహార్లు ఇచ్చినవాళ్ల కింద పడింది. ఆయన ఊరుకుంటాడా? కమిటీ వాళ్లకి రెండు రోజులు నిద్ర లేదు. అరుగు మీద కూర్చున్న వాళ్లంతా రెండు పార్టీలు. అదంతా వింటూ నాకు లోపల్లోపల నవ్వొచ్చింది, ఎందుకంటే ఇక్కడికి దగ్గర్లోనే రెండు వేల ఏళ్ల కిందటి దాతల రాయి ఒకటి దొరికింది, దాని గురించి మనలో చాలామందికి తెలియదు.

భట్టిప్రోలు అండీ. తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైల్లో కూర్చుంటే మధ్యలో వచ్చే స్టేషనే. మొన్నటిదాకా గుంటూరు జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. అక్కడ ఒక దిబ్బ ఉంది, పాతకాలం వాళ్లు దానికి చెప్పే పేరు నేను వీడియోలో గట్టిగా అంటే మా అమ్మ చెప్పు తీస్తుంది. సరే, అనక తప్పదు, లంజదిబ్బ. ఘంటసాలలో, గుడివాడలో ఉన్న బౌద్ధ దిబ్బలకీ ఇదే పేరు. ఎవరో వేశ్య మేడ కట్టించుకుందని కథలు అల్లేశారు. లోపల ఉన్నదేమో బౌద్ధ స్తూపం, అంటే పూజించే గుండ్రటి ఇటుకల కట్టడం. బుద్ధుడి ధాతువుల మీద, అంటే ఆయన శరీర అవశేషాల మీద కట్టినది.

1892లో పురావస్తు శాఖ తరఫున అలెగ్జాండర్ రే అనే ఆయన అక్కడ తవ్వించాడు. స్తూపం నడిబొడ్డున మూడు రాతి పెట్టెలు దొరికాయి. వాటి లోపల స్ఫటికం భరిణెలు, బంగారు పూలు, ముత్యాలు. ఆ పెట్టెల అంచుల చుట్టూ రాత. యూట్యూబ్‌లో ఈ ఊరి పేరు కొడితే ‘తెలుగు పుట్టిన ఊరు’ అని పెద్ద పెద్ద అక్షరాలతో థంబ్‌నెయిల్స్ వస్తాయి, చూసే ఉంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. అక్కడ రాసింది ఆ కాలపు ప్రాకృత భాష, తెలుగు కాదు. లిపి మాత్రం నిజంగానే ప్రత్యేకం, పాతకాలపు బ్రాహ్మీ లిపిలోనే ఒక వేరే రకం, కొన్ని అక్షరాలు మిగతా చోట్ల ఉన్నట్టు ఉండవు. అకారం కోసం అక్షరానికి ఒక చిన్న గీత తగిలించారు, అది చూసి మన తలకట్టు ఇక్కడే పుట్టిందని కొంతమంది సంబరపడతారు. పడనివ్వండి, నాకు మాత్రం అంతకన్నా నచ్చిన సంగతి ఆ రాతలో ఏముందన్నది.

ఒక పెట్టె మీద ఉన్న వాక్యం మొదలు నెమ్మదిగా చదువుతాను, వినండి. ‘కురపితునో చ కురమాతు చ కురస చ శివస చ.’ మొత్తం వాక్యానికి అర్థం ఇదీ: కుర వాళ్ల నాన్న, కుర వాళ్లమ్మ, కుర, శివ, ఈ నలుగురూ కలిసి బుద్ధుడి శరీర ధాతువులు ఉంచడానికి పెట్టె, స్ఫటిక భరిణె చేయించారు అని. చూశారా, తల్లిదండ్రులకి సొంత పేర్లు లేవు! కొడుకు పేరుతోనే పిలిపించుకున్నారు. మా అమ్మని ఇప్పటికీ మా వీధిలో ఎవరూ పేరు పెట్టి పిలవరు, ‘ఏవమ్మా, పెద్దోడి వాళ్లమ్మా’ అంటారు, రేషన్ కార్డు తీస్తే తప్ప ఆవిడ పేరు ఆవిడకే గుర్తు రాదేమో. కుర వాళ్లమ్మ కూడా అంతే అనుకుంటాను. ఊళ్లో అందరికీ తెలిసిన పిల్లాడు, ఆ పిల్లాడి తల్లి. ఆ పేరుతోనే రాయి ఎక్కింది.

ఇంకో పెట్టె మీదైతే ఏకంగా కమిటీ ఉంది. ‘గోఠి’ అన్నారు, అంటే గోష్ఠి, దాని సభ్యుల పేర్లు వరసగా చెక్కారు, అచ్చం మన గ్రానైటు పలక లాగా. సింహగోష్ఠి అని ఒకటి, దానికి కుబీరకుడు అనే రాజు ‘పాముఖో’ అట. పాముఖో అంటే ప్రముఖుడు. మన కరపత్రాల్లో ‘గ్రామ ప్రముఖులు విచ్చేయుచున్నారు’ అని వేస్తారు చూడండి, ఆ మాటే. రాజంతటివాడు కూడా కమిటీ ప్రెసిడెంటుగానే రాయించుకున్నాడు, నాకు ఆ ఒక్క ముక్కకే ఆయన మీద గౌరవం పెరిగింది. అప్పుడు కూడా ఎవరో ఒకరు నా పేరు కింద పడిందేంటి అని అలిగే ఉంటారు, ఆ మాట మాత్రం రాయి మీద ఎక్కలేదు.

ఇప్పుడు కాస్త బాధపడే సంగతి. రే తవ్వించేసరికే స్తూపం పైభాగం లేదు. వరదల్లో పోలేదు, ఎవరో శత్రువులొచ్చి కొట్టలేదు. మామూలుగా రోడ్డు పనికి పోయింది. ఒకటిన్నర అడుగు పొడుగుండే పెద్ద పెద్ద ఇటుకలు, గట్టివి, తవ్వితే ఊరికే వస్తాయి, వాటిని పగలగొట్టి కంకర బదులు రోడ్లకి పోశారు. చెక్కడాలున్న పాలరాతి పలకలేమో వెల్లటూరు దగ్గర కాలువ తూము కట్టడానికి వాడేశారు. దొర ఆఫీసరు అనుమతిచ్చాడు, కాంట్రాక్టరు తీసుకెళ్లాడు, మనవాళ్లే బళ్లు కట్టి తోలారు, ఎవరిని తిడతాం? కాలువ నీళ్లతోనే మన పొలాలు పండాయి, ఆ మాటా నిజమే. కానీ ఆ రోడ్ల వైపు వెళ్లినప్పుడల్లా నాకు కాళ్ల కింద ఏదో ఉన్నట్టే అనిపిస్తుంది.

మిగిలిన ధాతువు సంగతి అడిగారు కిందటిసారి. అది ఊళ్లో లేదు. 1920లో కలకత్తాలో మహాబోధి సొసైటీ అనే బౌద్ధ సంఘం వాళ్లు ధర్మరాజిక విహారం తెరిచారు, దాంట్లో పెట్టింది మన భట్టిప్రోలు ధాతువే. ఊళ్లో ఇప్పుడు చూడ్డానికి ఉన్నది గుండ్రటి ఇటుకల పునాది, గడ్డి, పురావస్తు శాఖ వాళ్ల బోర్డు. పిల్లల్ని తీసుకెళ్లండి, పొద్దున్నే వెళ్లండి, ఎండెక్కితే నీడ దొరకదు. ఇటుకల మీద ఎక్కి సెల్ఫీలు మాత్రం వద్దు.

మళ్లీ మన రాయి దగ్గరికి. కొత్త పలక చెక్కిస్తామని కమిటీ ఒప్పుకుంది, దీర్ఘంతో సహా, అదీ పైనుంచి నాలుగో వరసలో. ఆయన కాస్త చల్లబడ్డాడు. మరి పాత పలకేం చేస్తారు అని నేను అడిగాను. ఏముంది, కాలువ రేవులో వేసేస్తే బట్టలు ఉతుక్కోవడానికి బాగుంటుంది, నున్నగా ఉంది కదా, అన్నారు.