మీ యూనియన్‌లో నాకు కార్డు ఇచ్చారా నాన్నా?

యాంకర్: నమస్కారం. రాజకీయాల మాట వస్తే చాలు ఇంట్లో కంచాల ముందే గొడవలవుతున్నాయని పోయిన వారం చాలామంది ఫోన్ చేశారు. అందుకే ఈ రోజు ఆ విషయమే. ముప్పై ఏళ్ళు లేబర్ కోర్టులో కార్మికుల తరఫున వాదించిన లాయర్ మేడమ్ మనతో ఉన్నారు. మొదటి కాల్ చింతల్ నుంచి. చెప్పండి సార్.

కాలర్: నమస్తే మేడమ్. పేరు వద్దు. బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీలో 31 ఏళ్ళు చేసి రిటైరయ్యాను. ఎర్రజెండా యూనియన్‌లో కార్యదర్శిగా కూడా ఉన్నాను. మా నాన్నది ఆజామాబాద్‌లో పని. నాకు ఆరేడేళ్ళప్పుడు కమ్యూనిస్టు నాయకుడు మఖ్దూం సాబ్ మీటింగ్‌కి భుజం మీద ఎక్కించుకుని తీసుకెళ్ళాడు. అలాంటి ఇంట్లో నా కొడుకు ఇలా తయారయ్యాడు. క్యాబ్ నడుపుతాడు. పొద్దున లేస్తే ఫోన్లో ఆ వీడియోలే. బయటివాళ్ళొచ్చి మన పనులు ఎత్తుకుపోయారంటాడు, ఫలానా మతం వాళ్ళ వల్లే అంతా అంటాడు. ర్యాలీలకి పోతాడు. నేను నోరు తెరిస్తే ‘మీ కాలం అయిపోయింది’ అంటాడు. నెల రోజులుగా మాటల్లేవు. వాడికి ఎలా చెప్పాలి?

మేడమ్: చెప్పడం సంగతి తర్వాత చూద్దాం అన్నా. క్యాబ్‌కి ముందు బాబు ఏం చేసేవాడు?

కాలర్: మా ఫ్యాక్టరీలోనే. కాంట్రాక్టర్ కింద, నాలుగేళ్ళు.

మేడమ్: మీ యూనియన్ మెంబరేనా?

కాలర్: కాదు. మాది పర్మనెంట్ వాళ్ళ యూనియన్. కాంట్రాక్టు వాళ్ళని చేర్చుకుంటే జీతాల సెటిల్‌మెంట్ దగ్గర మేనేజ్‌మెంట్ పేచీ పెడుతుందని చేర్చుకోలేదు.

మేడమ్: పని ఎందుకు మానేశాడు?

కాలర్: మానలేదు మేడమ్. ప్రెస్ మెషిన్‌లో చెయ్యి పడింది. ఎడమచేతి చివరి రెండు వేళ్ళు కణుపు దాకా పోయాయి. కట్టు విప్పాక డ్యూటీకి పోతే కాంట్రాక్టర్ రావద్దన్నాడు. నేను కమిటీలో పెట్టాను. మన మెంబరు కాదు కదా అన్నారు. అప్పటికి ఇంకో పది రోజుల్లో సెటిల్‌మెంట్ సంతకాలు. నేనూ గట్టిగా అడగలేదు.

మేడమ్: ఆసుపత్రిలో బాబు దగ్గర ఎవరున్నారు?

కాలర్: మా గల్లీలో వినాయకుణ్ణి పెట్టే పిల్లలు. రెండు రాత్రులు అక్కడే పడుకున్నారు. 42 వేలు పోగుచేసి మా ఆవిడ చేతిలో పెట్టారు. ఇప్పుడు వాడు తిరిగేది వాళ్ళతోనే. మొన్న గొడవలో అదే అడిగాడు మేడమ్, ‘మీ యూనియన్‌లో నాకు కార్డు ఇచ్చారా నాన్నా’ అని.

మేడమ్: ఆ పిల్లలు చేసింది మంచిపని అన్నా. అందులో కుట్ర వెతకొద్దు. ఆ రాత్రి మీ కమిటీ నుంచి ఒక్కరు వచ్చి ఆ బెంచీ మీద కూర్చున్నా ఇవాళ కథ వేరుగా ఉండేది. ఇది మీ ఒక్కరి తప్పు కాదు. ఆ రోజుల్లో నేను వాదించినవీ ఎక్కువగా పర్మనెంట్ వాళ్ళ కేసులే, యూనియన్లు తెచ్చేవి అవే కాబట్టి. గేటు లోపల పర్మనెంట్ వాళ్ళు తగ్గిపోతున్నారు, కాంట్రాక్టు వాళ్ళు పెరుగుతున్నారు అని మనందరికీ కనపడుతూనే ఉంది. యూనియన్ మెంబర్ల రిజిస్టరు మాత్రం మార్చలేదు. బెంగాల్‌లో 1977 నుంచి 2011 దాకా 34 ఏళ్ళు ఏలిన వామపక్షాలకి 2021 అసెంబ్లీలో ఒక్క సీటూ రాలేదు. దానికి కారణాలు చాలా ఉన్నాయి, నందిగ్రామ్‌లో భూముల గొడవ, కాల్పులు ఉన్నాయి, పార్టీ ఆఫీసుల పెత్తనం ఉంది. కానీ సింగరేణి చూడండి. 2023 నవంబర్ ఎన్నికల్లో సీపీఐకి రాష్ట్రం మొత్తం మీద వచ్చింది కొత్తగూడెం ఒక్కటే, అదీ కాంగ్రెస్ పొత్తులో. నెల తిరక్కుండా డిసెంబర్‌లో గనుల్లో గుర్తింపు సంఘం ఎన్నికల్లో మాత్రం ఆ సీపీఐ యూనియనే, ఏఐటీయూసీ, గెలిచింది. జెండా మీద కోపం ఉన్న మనిషి కూడా తన షిఫ్టు గురించి అడిగేవాడు కనిపిస్తే ఓటేస్తాడు.

కాలర్: మరి నేనేం చెయ్యాలి?

మేడమ్: ముందు ఆ సెటిల్‌మెంట్ సంగతి ఒప్పుకోండి. ‘ఆ రోజు నీకోసం గట్టిగా మాట్లాడలేదురా, తప్పు చేశాను’ అనండి. వెనకాల ‘కానీ’ అని తగిలించకండి. నాయకుల పేర్లు ఎత్తొద్దు, వీడియోకి వీడియో పంపొద్దు. వారం ఆగి, ఆ నాలుగేళ్ళ పీఎఫ్ పడిందో లేదో అడగండి. కాంట్రాక్టర్ కట్టకపోతే అసలు యజమానే కట్టాలి, చట్టం అలాగే ఉంది. పీఎఫ్ ఆఫీసుకి మీరూ బాబూ కలిసి వెళ్ళండి. బాబు పని తీసేసింది పక్క రాష్ట్రం నుంచి వచ్చిన కూలీ కాదు, కాంట్రాక్టర్. అది మీరు ఉపన్యాసంగా చెప్తే వినడు. ఆ కౌంటర్ ముందు కాగితాలు తిప్పుతుంటే బాబుకే కనపడుతుంది.

కాలర్: ...సరే మేడమ్. కాగితాలు ట్రంకు పెట్టెలో ఉన్నాయి. తీస్తాను.

యాంకర్: తర్వాతి కాల్ కూకట్‌పల్లి నుంచి. చెప్పండమ్మా.

కాలర్ 2: మా అమ్మాయి ఇంగ్లండులో, సండర్లాండ్‌లో కేర్ హోమ్‌లో ముసలివాళ్ళని చూసుకుంటుంది. 2024 ఆగస్టులో అక్కడ బయటి దేశాల వాళ్ళ మీద అల్లర్లయినప్పుడు రెండు రోజులు గదిలోంచి బయటికి రాలేదు. అది కూలీల ఊరేనట కదా మేడమ్. కూలీలే మా పిల్ల మీద పగబట్టడమేంటి? ఇప్పటికీ నాకు టెన్షనే.

మేడమ్: టెన్షన్ ఉంటుందమ్మా, ఎందుకుండదు. ఆ ఊరు ఓడలు కట్టేది, బొగ్గు తవ్వేది. 1984–85లో బ్రిటన్ గని కార్మికులు ఏడాది పాటు సమ్మె చేసి ఓడిపోయారు. సండర్లాండ్‌లో ఓడల పని 1988లో ఆగింది, 1993లో గని మూశారు. ఆ గని ఉన్న చోటే ఇప్పుడు ఫుట్‌బాల్ స్టేడియం. గనితో పాటు యూనియనూ, దాని క్లబ్బులూ, కష్టానికి పరిగెత్తుకొచ్చే మనుషులూ తగ్గిపోయారు. వాళ్ళ ఓట్లతో బతికిన లేబర్ పార్టీ 1997లో అధికారంలోకి వచ్చింది. ఎలాగూ మనకే వేస్తారులే అన్న ధీమా దానికి. 2016లో సండర్లాండ్‌లో నూటికి 61 మంది యూరోపియన్ యూనియన్ వద్దని ఓటేశారు. పక్కనే డర్హమ్ కౌంటీ. 1919లో లేబర్ చేతికి వచ్చిన మొదటి కౌంటీ కౌన్సిల్ అదే. 2025 మే ఎన్నికల్లో అది వలసలు వద్దనే రిఫార్మ్ పార్టీకి పోయింది.

అల్లర్ల రాత్రి సండర్లాండ్‌లో కాలిపోయిన వాటిలో సిటిజన్స్ అడ్వైస్ ఆఫీసు ఉందమ్మా. అప్పులు, అద్దె, పని గొడవల మీద ఉచితంగా సలహా చెప్పే చోటు. నేనిక్కడ కూర్చుని చేస్తున్న పనే. ఆ వార్త చూసి నాకు నిద్ర పట్టలేదు. తెల్లారాక చీపుర్లు పట్టుకొచ్చి వీధులు ఊడ్చినవాళ్ళూ ఆ ఊరి వాళ్ళే, అది కూడా మర్చిపోవద్దు. అమ్మాయిని అక్కడ యూనియన్‌లో చేరమనండి. కేర్ పనివాళ్ళని యూనిసన్ అనే యూనియన్ చేర్చుకుంటుంది. డ్యూటీలో పక్కన నిలబడే తెల్ల ఆమె కూడా అందులో ఉంటే, వీధిలో ఏదైనా అయినప్పుడు ఫోన్ చెయ్యడానికి ఒక మనిషి ఉంటుంది.

యాంకర్: చివరి కాల్. జీడిమెట్ల.

కాలర్ 3: మేడమ్, ఇందాక పీఎఫ్ అన్నారు కదా. నేను ప్యాకింగ్‌లో చేస్తా. జీతంలో కోస్తున్నారు, పాస్‌బుక్‌లో పడట్లేదు. మా దగ్గరికి ఏ యూనియనూ రాలేదు. ఎలక్షన్లప్పుడు మాత్రం అందరూ వస్తారు.

మేడమ్: మీ షెడ్‌లో ఎంతమంది అమ్మా?

కాలర్ 3: పద్దెనిమిది.

మేడమ్: ఒక్కదానివే వెళ్ళకు. పద్దెనిమిది మంది పేర్లూ ఒక కాగితం మీద రాయి. యూఏఎన్ నంబర్లు, అంటే పీఎఫ్ ఖాతా నంబర్లు, జీతం చీటీలు, బ్యాంకు స్టేట్‌మెంటు జిరాక్స్ తియ్యండి.

కాలర్ 3: అందులో ఐదుగురు బీహార్ వాళ్ళు మేడమ్. వాళ్ళవి కూడా రాయాలా?

మేడమ్: రాయాలమ్మా. వాళ్ళవీ కోస్తున్నారు కదా?

కాలర్ 3: వాళ్ళవీ కోస్తున్నారు. సరే, సాయంత్రం షిఫ్టు దిగాక అడుగుతా.