తాళం చెవి ఎవరి దగ్గర?

శ్రోతలకు నమస్కారం. రేడియోలో రాజకీయం వింటే జనం మారతారా? ఈరోజు మాట దాని గురించే.

నా చిన్నప్పుడు పరకాల దగ్గర మా ఊళ్లో పంచాయతీ రేడియో ఉండేది. ఆఫీసు లోపల చెక్కపెట్టెలో రేడియో, పెట్టెకు తాళం. మైకు మాత్రం బయట వేపచెట్టుకు కట్టి ఉండేది. పొద్దుగూకే వేళకు పంచాయతీ గుమాస్తా కారోబారు వచ్చి తాళం తీస్తే, కాసేపు గరగరమని హైదరాబాదు కేంద్రం పలికేది. చెట్టు కింద గద్దె మీద పదిపదిహేను మంది మగవాళ్లు. ఆడవాళ్లు ఎవరి వాకిట్లో వాళ్లు బియ్యం ఏరుకుంటూ వినేవాళ్లు.

వార్తలు అయిపోయాక అసలు కార్యక్రమం మొదలయ్యేది. "మంత్రి గట్లన్నడా?" "అనలే, నువ్వు సక్కగ ఇనలే." వాళ్లలో చదువు రాని ఒక పెద్దాయన అన్నీ గుర్తుపెట్టుకునేవాడు. తెల్లారి నాట్ల దగ్గర ఆయన చెప్పిందే వార్త. ఆయనకు నచ్చని మంత్రి మాట సగమే చేరేదనుకోండి, అది వేరే సంగతి.

1940లో అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు పాల్ లాజర్స్‌ఫెల్డ్ అనే సామాజిక శాస్త్రవేత్త బృందం ఒహాయో రాష్ట్రంలోని ఈరీ కౌంటీలో 600 మందిని మే నుంచి నవంబరు దాకా మళ్లీ మళ్లీ కలిసింది. ప్రచారం విని పార్టీ మార్చినవాళ్లు చాలా తక్కువని తేలింది. ఎక్కువమంది ముందు ఏది నమ్మారో దాన్నే ఇంకాస్త గట్టిగా నమ్మారు. రేడియోలో, పేపర్లో వచ్చింది ముందు కొందరు పట్టుకుంటారు, మిగతావాళ్లకు వాళ్ల నోటి మీదుగా చేరుతుంది అని కూడా అర్థమైంది. మా వేపచెట్టు కింద పెద్దాయన అక్కడా ఉన్నాడన్నమాట.

ఆ దేశంలోనే తర్వాత రాజకీయ టాక్ రేడియో, అంటే రాజకీయాల మీద మాటలే నడిచే రేడియో, పుట్టింది. వివాదాస్పద విషయాల్లో అన్ని వైపుల వాదనలూ వినిపించాలని 1949 నుంచి ఒక నిబంధన ఉండేది. 1987లో ఎత్తేశారు. మరుసటేడు రష్ లింబా అనే వ్యాఖ్యాత కార్యక్రమం దేశమంతటా మొదలైంది. రోజూ గంటల తరబడి ఒకే గొంతు, ఒకే వైపు, రిపబ్లికన్ పార్టీ వైపు. 1994లో రిపబ్లికన్లు 40 ఏళ్ల తర్వాత ప్రతినిధుల సభను గెలిస్తే, కొత్తగా గెలిచినవాళ్లు ఆయన్ను తమ బ్యాచ్‌లో గౌరవ సభ్యుడిగా చేర్చుకున్నారు. టాక్ రేడియో వినేవాళ్లు ఓటు కూడా ఎక్కువే వేస్తారని సర్వేలు చెబుతూ వచ్చాయి. అయితే వినడం వల్ల వేస్తున్నారా? రాజకీయాల పిచ్చి ఉన్నవాడే కదా ఆ స్టేషన్ పెట్టేది. గుడికి వచ్చేవాళ్లలో భక్తులు ఎక్కువ అన్నట్టుంది.

మన దగ్గర ఆ తరహా రేడియో లేదు. ప్రైవేటు ఎఫ్ఎం స్టేషన్లు సొంతంగా వార్తలు ఇవ్వకూడదు, ఆకాశవాణి బులెటిన్‌ను ఉన్నదున్నట్టు మాత్రమే వినిపించొచ్చు. స్థానికంగా సంస్థలు నడిపే కమ్యూనిటీ రేడియోలకూ అంతే. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. ఆస్తి మనదే గానీ, దాని మీద రాజకీయం మాట్లాడొద్దంటే నాకు మింగుడుపడదు.

మాట్లాడొద్దంటే ఆగుతుందా? ఫోన్లోకి వచ్చేసింది. మొన్న వరంగల్ స్టేషన్ నుంచి హనుమకొండ చౌరస్తాకు ఆటోలో వస్తుంటే, డ్రైవరు హ్యాండిల్ పక్కన పెట్టిన ఫోన్లో ఇద్దరు నాయకులు తిట్టుకుంటున్నారు.

"రోజూ వింటావా?" అన్నాను.

"ఇనకపోతే తెల్లారదు సార్."

"ఓటేశావా మరి?"

"ఏసిన. ఎవడొచ్చినా గంతే సార్."

ఓటు పడింది, నమ్మకం మాత్రం లేదు. బండి దిగాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు.

వింటే జనం మారతారా అనే విషయంలో నన్ను బాగా ఆలోచింపజేసింది ఆఫ్రికాలోని రువాండా. 1994 మారణహోమంలో అక్కడి ఒక రేడియో స్టేషన్ జనాన్ని రెచ్చగొట్టింది. పదేళ్ల తర్వాత అదే దేశంలో, కలిసి బతకడం గురించి ఒక ధారావాహిక నాటకం రేడియోలో వచ్చింది. ఎలిజబెత్ పాలక్ అనే పరిశోధకురాలు ఏడాది పాటు కొన్ని ఊళ్లవాళ్లకు ఆ నాటకం, మరికొన్ని ఊళ్లవాళ్లకు ఆరోగ్యం గురించిన నాటకం గుంపుగా వినిపించింది. చివర్లో చూస్తే, సొంత అభిప్రాయాలు పెద్దగా మారలేదు. కానీ నలుగురిలో ఎలా ఉండాలి, ఏది మాట్లాడొచ్చు అనే లెక్క మారింది. వెళ్లేటప్పుడు ఒక్కో ఊరికి ఒక టేప్ రికార్డరు, కొన్ని క్యాసెట్లు ఇచ్చారు. ఎవరి దగ్గర ఉంచాలి? ఆరోగ్య నాటకం విన్న ఊళ్లు ఊరి పెద్దకు అప్పగించేద్దామన్నాయి. కలిసి బతకడం గురించిన నాటకం విన్న ఊళ్లలో వాదులాట మొదలైంది. పెద్ద దగ్గరెందుకు, అందరం కలిసి చూసుకుందాం అన్నారు.

ఇది చదివినప్పుడు నాకు మా పంచాయతీ పెట్టె తాళం గుర్తొచ్చింది. ఒక ఏడాది ఆ రేడియో సర్పంచి ఇంట్లోకి పోయింది. ఎందుకు పోయిందని మాలో ఒక్కరూ అడగలేదు.

నాటకం మంచి చేసింది కాబట్టి చర్చ ఇంకా మంచి చేస్తుందనుకోవద్దు. అదే పరిశోధకురాలు రువాండా పక్కనే ఉన్న తూర్పు కాంగోలో నాటకం తర్వాత ఒక టాక్ షో చేర్చి చూసింది, విన్నవాళ్లు మాట్లాడుకోవాలని. మాట్లాడుకున్నారు. కానీ పాత పగలు తవ్వుకున్నారు, నచ్చని వర్గానికి సాయం చేయడానికి ఇంకా వెనకాడారు. ఉత్త మాట పుండును గెలికినట్టే అయింది.

మన పుణె ప్రాంతంలో 1956లో మరోలా జరిగింది. ఆకాశవాణి 140కి పైగా గ్రామాల్లో శ్రోతల సంఘాలు పెట్టి, వారానికి రెండుసార్లు చొప్పున 20 కార్యక్రమాలు వినిపించింది. రేడియో ఆగాక సంఘం ముందు ఒకటే ప్రశ్న: మన ఊళ్లో దీని గురించి ఏం చేద్దాం? తిట్టుకోవడానికి తీరిక ఎక్కడ? 1959లో ఆ పద్ధతిని దేశమంతటికీ తీసుకెళ్లారు. టీవీలో చర్చ నడిపేవాళ్లు ఆ ప్రశ్న వేయగా నేనెప్పుడూ వినలేదు.

కొన్నేళ్ల కిందట ఒక ఫోన్ ఇన్ కార్యక్రమంలో ఒక అధికారి పక్కన నేనూ కూర్చున్నాను. ఒక ఆడమనిషి ఫోన్ చేసింది. ముందు చెవులు పగిలే కూత, ఇంట్లో రేడియో ఆపకుండా మాట్లాడుతోంది. "అమ్మా, రేడియో బంద్ చేయండి." చేసింది. వాళ్ల వాడలో బోరింగు మూడు నెలలుగా పాడైందట. చూస్తామన్నారు, లైన్ కట్ అయింది. తర్వాతి ఫోన్ పాట కోసం. అది పాటల కార్యక్రమం కాదని చెప్పేసరికే రెండు నిమిషాలు పోయాయి.

మరుసటి వారం మళ్లీ ఆమే.

"పోయినసారి మాట్లాడింది నేనే సార్. ఎవ్వలు రాలే."

"రేడియో బంద్ చేశారా అమ్మా?"

"నాది చేసిన సార్. బయట మా వాడకట్టోళ్లు ఇంకో రేడియో పెట్టుకొని కూసున్నరు. ఈసారి మీరు ఏం జెప్తరో అందరు ఇంటరట."

అధికారి నా వైపు ఒకసారి చూసి, జేబులోంచి పెన్ను తీసి ఊరి పేరు రాసుకున్నాడు.