మీ పిల్లాడి చీలమండలు బాగానే ఉన్నాయి, బూటే వదులు

[గరాజ్. వెనక తాడు మీద ఆరేసిన హాకీ గ్లౌజులు. బల్ల మీద రెండు జతల స్కేట్లు.]

నమస్కారం అండీ. మొన్న శనివారం పొద్దున ఆరున్నరకే పిల్లల ఐస్ హాకీ కోసం రింక్‌లో, అంటే మంచు మైదానంలో, ఉన్నాం. మా పక్క బెంచీ మీద ఒక తెలుగాయన మోకాళ్ల మీద కూర్చుని కొడుక్కి స్కేట్ల లేసులు బిగిస్తున్నాడు. మొహం ఎర్రబడేదాకా లాగాడు పాపం. తీరా పిల్లాడు లేచి నిలబడగానే రెండు చీలమండలూ లోపలికి ఒరిగిపోయాయి. ఆయన నావైపు తిరిగి, "వీడికి చీలమండల్లో బలం లేదండీ. మా అమ్మ రోజూ రాగిజావ పట్టమంటోంది" అన్నాడు.

లేసులు విప్పించి, బాబూ పాదం ముందుకు తొయ్యమ్మా అని, మడమ వెనక నా వేలు పెట్టి చూశా. రెండు వేళ్లు పక్కపక్కనే దిగాయి. ఇంకాస్త ఉంటే మూడోది కూడా పట్టేది.

రాగిజావ పట్టండి, మంచిదే. కానీ ఆ పిల్లాడు ఇంట్లో ఒక సోఫా మీంచి ఇంకో సోఫా మీదకి దూకే రకం. వాడి చీలమండలకి ఏ రోగమూ లేదు. ఈ "వీక్ యాంకిల్స్" అన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. నిజంగా పాదం సమస్య ఉన్న పిల్లలు ఉంటారు, వాళ్ల సంగతి డాక్టరు చూస్తాడు. మిగతా వాళ్లలో నేను చూసినంతవరకు తప్పు బూటుదే.

[జేబులోంచి తీసినట్టు చేతులు చూపిస్తూ]

మీలో పల్లెటూరి వాళ్లు ఎంతమంది ఉన్నారో తెలియదు. పార గుర్తుందా? పారకి కామ, అదే చెక్క పిడి, వదులైందనుకోండి. మనిషి ఎంత బలవంతుడైనా సరే, దెబ్బ వేస్తే రేకు అటు తిరుగుతుంది, కామ ఇటు తిరుగుతుంది, మట్టి మాత్రం తెగదు. అప్పుడు మా తాతయ్య "నీ చేతుల్లో బలం లేదురా" అనేవాడు కాదు. పార తిరగేసి బెజ్జం చూసేవాడు.

స్కేటు కూడా అంతే. కామ మన కాలు. రేకేమో, కింద ఉన్న బ్లేడు. రెండింటినీ కలిపే బెజ్జమే ఈ బూటు. కాలు తిప్పితే బ్లేడు తిరగాలి. వదులు బూట్లో కాలు ముందు తిరుగుతుంది, బూటు తీరిగ్గా తర్వాత వస్తుంది. ఈలోగా పిల్లాడు కింద పడి ఉంటాడు.

ఇంత చెప్తున్న నేను మాత్రం ఏం వెలగబెట్టానని! [పెద్ద జత స్కేట్లు ఎత్తి] ఇవి మావాడి మొదటి స్కేట్లు. వాడి షూ సైజు 3. నేను కొన్నవి 4. ఎందుకంటే మన పెంపకం అలాంటిది. స్కూలు యూనిఫారం అంచు రెండుసార్లు లోపలికి మడిచి కుట్టించి, ఏడాదికో మడత విప్పుకుంటూ పెరిగాం. పెరిగే పిల్లాడు కదా, రెండేళ్లు వస్తాయిలే అనుకున్నా. షాపులో కుర్రాడు కూడా మాట్లాడకుండా బిల్లు కొట్టేశాడు. ఆ సీజనంతా మావాడు మంచు మీద స్కేటింగ్ చేయలేదు, నడిచాడు.

అసలు లెక్క ఏమిటంటే, హాకీ స్కేటు సైజు మామూలు షూ సైజు కంటే ఒకటి నుంచి ఒకటిన్నర తక్కువ ఉంటుంది. బావర్ కంపెనీది తీసుకున్నా, సీసీఎం కంపెనీది తీసుకున్నా దాదాపు ఇంతే. అంటే షూ 3 అయితే స్కేటు 2 దగ్గరో, ఒకటిన్నర దగ్గరో మొదలుపెట్టి చూడాలి. నేను 4 కొన్నాను కాబట్టి రెండు, రెండున్నర సైజులు పెద్దది కొన్నానన్నమాట. రెండు సైజుల వదులున్న పార ఇస్తే మా తాతయ్య నా వీపు మీదే వాడేవాడు.

"ఆ మాత్రం దానికి రెండు జతల లావు సాక్సు వేస్తే సరిపోదా?" ఇది నన్ను చాలామంది అడిగారు. నేనూ వేశాను. పార బెజ్జంలో గోనెపీలిక కుక్కడం చూశారుగా. పది దెబ్బలు బాగానే పడతాయి. తర్వాత పీలిక నలిగిపోయి మళ్లీ మొదటికొస్తుంది. సాక్సు కూడా అంతే, పది నిమిషాల్లో చెమటకి తడిసి అణిగిపోతుంది. స్కేట్లలోకి పల్చటి సాక్సు ఒక్క జత చాలు. బాబీ ఓర్ అని ఒకాయన, బోస్టన్‌కి ఆడిన మహానుభావుడు, అసలు సాక్సే లేకుండా స్కేట్లు వేసుకునేవాడు. మీరు అలా చేయకండి, కంపు భరించలేరు. ఆయన బూటు ఎంత అతుక్కుని ఉండేదో చెప్పడానికి అన్నా.

[ఇంకో జత తీసుకుని, సరిగ్గా పట్టేది. స్టూలు మీద కూర్చుంటాడు.]

ఇప్పుడు షాపులో ఏం చేయాలో చూడండి. లేసులు పూర్తిగా వదులు చేయండి, నాలిక ముందుకి లాగండి, పాదం పెట్టండి. మడమని నేలకి రెండు మూడుసార్లు ఠక్కుఠక్కుమని కొట్టాలి, వెనక్కి వెళ్లి కూర్చోడానికి. లేసు కట్టేటప్పుడు కొనమీద కొట్టకండి, మడమ మీదే కొట్టాలి. కట్టాక నిటారుగా నిలబడితే వేళ్ల చివర్లు బూటు ముందున్న గట్టి టోపీకి ఈక తగిలినట్టు తగలాలి. మోకాళ్లు వంచితే మడమ వెనక్కి జరిగి, వేళ్లు కొంచెం లోపలికి రావాలి. నిలబడ్డప్పుడే వేళ్లు ముడుచుకుంటే చిన్నది. నిటారుగా నిలబడినా వేళ్లు తగలకుండా గాల్లో ఉంటే పెద్దది.

పెరిగే పిల్లలకి ఎంత వదలొచ్చు? అర సైజు. లేసులు విప్పి, పాదం ముందుకు తోసి, మోకాళ్లు వంచితే మడమ వెనక ఒక్క వేలు దిగొచ్చు. రెండోది దిగితే ఆ బూటు బల్ల మీద పెట్టేయండి. ఎంత డిస్కౌంటు ఉన్నా పెట్టేయండి.

పొడవు కుదిరితే సగం పనే అయినట్టు. వెడల్పూ లోతూ చూడాలి. చాలామంది ఇది చూడరు. నాలిక ముందుకి లాగి, పైనుంచి మూడో కన్నం దగ్గర ఆ పక్కనుంచి ఈ పక్కకి ఒక పెన్సిల్ అడ్డంగా పెట్టండి. పెన్సిల్ రెండు అంచుల మీదా ఆనాలి, కింద పాదానికి తగలకూడదు. పాదం మీద ఆని ఊగుతోందంటే బూటు లోతు చాలదు. అలాంటిది కొంటే లేసు పాదం పైభాగంలోకి కోసుకుపోయి, నెల తిరక్కుండా అక్కడ ఎర్రటి గీత పడుతుంది. మన పిల్లల్లో చాలామందికి పాదం ముందు వెడల్పు, మడమ సన్నం. ఇది సర్వే ఏం కాదు, మా రింక్ బెంచీ మీద నేను చూసిన పాదాల సంగతి. పాదాలు రకరకాలు కాబట్టే బావర్ వాళ్లు ఫిట్ 1, ఫిట్ 2, ఫిట్ 3 అని పెట్టారు. 1 సన్నటి పాదానికి, 3 బొద్దు పాదానికి. సీసీఎం వాళ్లు టేపర్డ్, రెగ్యులర్, వైడ్ అంటారు. ఇవి నాణ్యతలో మెట్లు కావు. ఒకాయన నాతో "మాది ఫిట్ 3 అండీ, అన్నిటికన్నా పైది" అని గర్వంగా చెప్పాడు. ఏమనాలి?

మీకు ఏది పట్టాలో మీ మడమే చెప్తుంది. లేసు కట్టుకుని, కాలి మునివేళ్ల మీద లేవండి. మడమ లోపల చప్పున పైకి లేచిందా, ఇంకో ఆకారం చూడండి. కామ బెజ్జంలో కదులుతోంది మరి.

తర్వాత ఓవెన్. అవును, షాపులో నిజంగానే ఓవెన్ ఉంటుంది. బూటుని కొన్ని నిమిషాలు వేడి చేసి, మెత్తబడ్డాక పాదానికి తొడిగి, లేసు కట్టి, పది పదిహేను నిమిషాలు కదలకుండా కూర్చోబెడతారు. చల్లారేసరికి పాదం ఆకారానికి సర్దుకుంటుంది. వేడి మీద ఉండగా లేసుని పైకి లాగకండి, పక్కలకి లాగండి, లేదంటే కన్నాలు ఊడొస్తాయి. ఆ రోజు మంచు ఎక్కకండి, మర్నాటిదాకా ఆగండి. ఇంట్లో బిర్యానీ చేసే ఓవెన్‌లో పెట్టే ప్రయోగాలు మాత్రం వద్దు.

ఇక్కడ కూడా పారే గుర్తొస్తుంది. వేసవిలో ఎండకి కామ కాస్త ఎండి వదులైతే తాతయ్య పారని రాత్రంతా నీళ్ల తొట్లో పడేసేవాడు. చెక్క ఉబ్బి బిగుసుకునేది. కానీ బెజ్జం బొటనవేలంత పెద్దదైతే తొట్టి ఏం చేస్తుంది? ఓవెన్ కూడా అంతే. ఒక ఎముక దగ్గర నొప్పి పెడితే సర్దుతుంది, ఆ ఒక్క చోటే బూటుని బయటికి నెట్టించే మిషను కూడా ఉంటుంది. సైజు తప్పుని మాత్రం ఏదీ సర్దలేదు.

[పక్కనుంచి చిన్నపిల్లాడి గొంతు: "నాన్నా, టైం!"] వస్తున్నా, పది నిమిషాలు.

ఒక్క పక్కమాట. కెనడా టీవీలో ఐస్ హాకీ మ్యాచ్‌లు చూపించే హాకీ నైట్ కార్యక్రమానికి 2008లోనే పంజాబీ కామెంటరీ వచ్చింది. నాకు బూటు కొనడం తెలుగులో చెప్పే వీడియో ఒక్కటీ దొరకలేదు, అందుకే ఈ గరాజ్ అవతారం. మన లద్దాఖ్ వాళ్లయితే మొదట్లో ఆర్మీ బూట్ల కింద బ్లేడు బిగించుకుని చెరువు మీద ఆడారు. వాళ్లకి షాపూ లేదు, ఓవెనూ లేదు. మనకి రెండూ ఉండి తప్పు సైజు కొంటున్నాం.

సరే, రక్షణ. పక్ అంటే ఈ ఆటలో బంతికి బదులు కర్రతో కొట్టే, అంగుళం మందం, మూడంగుళాల వెడల్పు ఉన్న గట్టి రబ్బరు బిళ్ల. బరువు 156 నుంచి 170 గ్రాములు. ఆటకి ముందు దాన్ని గడ్డకట్టిస్తారు, ఎగరకుండా. 2012లో అమెరికా, కెనడాల పెద్ద లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ ఆల్‌స్టార్ పోటీల్లో జెడెనో చారా అనే ఆటగాడు దీన్ని గంటకి 175 కిలోమీటర్ల వేగంతో కొట్టాడు. పిల్లల ఆటలో అంత ఉండదు, అయినా వేళ్లకి తగిలితే తెలుస్తుంది. అందుకే ముందు టోపీ గట్టి ప్లాస్టిక్కే ఉండాలి. బొటనవేలితో నొక్కి చూడండి, లొట్ట పడితే అది పార్కులో తిరగడానికి చేసిన స్కేటు. బకిల్సు పెట్టుకునే మెత్తటి బూట్లు చాలావరకు ఆ రకమే. నాలిక లోపల మందపాటి ఫెల్ట్ ఉందా చూడండి. మోకాలి కింద వేసే షిన్ ప్యాడ్ షాపుకి తీసుకెళ్లండి, దానికీ నాలిక్కీ మధ్య ఖాళీ కనపడకూడదు. పక్‌కి ఆ సందు బాగా తెలుసు.

మడమ వెనక పైకి నిలబడి ఉంటుందే, ఇది టెండన్ గార్డ్. దీని చుట్టూ లేసు తిప్పి కడతారు కొందరు, ముడి నిలవాలని. కట్టకండి, పగులుతుంది. 2013 ఫిబ్రవరిలో ఒట్టావా ఆటగాడు ఎరిక్ కార్ల్‌సన్‌కి ఎదుటివాడి బ్లేడు తగిలి మడమ వెనక స్నాయువు, అదే టెండన్, చాలావరకు తెగింది. బూటు ఎంత మంచిదైనా దాని పైన కాలు ఉంటుంది కదా. కోతని ఆపే సాక్సులు దొరుకుతాయి, పిల్లలకి అవే కొనండి. పల్చగానే ఉంటాయి, ఫిట్ పాడవదు.

మన్నిక గురించి గబగబా చెప్పేస్తా. ఖరీదు ఎక్కువైతే ఎక్కువకాలం వస్తుందనేది భ్రమ. పైస్థాయి బూటు తేలిక, గట్టి. ముప్ఫై కిలోల పిల్లాడు దాన్ని ముందుకి వంచలేడు, మోకాళ్లు వంగవు, కొయ్యకాళ్ల మీద నడిచినట్టు ఉంటాడు. వాడికి మధ్యరకం చాలు, ఎలాగూ ఏడాదిలో పాదం పెరుగుతుంది. ఎనభై కిలోల పెద్దమనిషి, వారానికి రెండు ఆటలు ఆడేవాడు, గట్టి బూటు కొనుక్కోవాలి. చౌకది అతని కింద సీజన్ కూడా నిలవదు.

పిల్లలకి సెకండ్‌హ్యాండ్ కొనడంలో నామోషీ లేదు. బూటు బల్ల మీద పెట్టి వెనకనుంచి చూడండి, పక్కకి ఒరిగితే వద్దు. చీలమండ దగ్గర రెండు అరచేతులతో నొక్కండి, అప్పడంలా అణిగితే వద్దు. కింద రివెట్లు తుప్పు పట్టాయేమో, బ్లేడుని పట్టి ఉంచే తెల్ల ప్లాస్టిక్‌లో పగుళ్లున్నాయేమో చూడండి. బ్లేడు ఉక్కు ఎంత మిగిలిందో చూడండి, సాన పట్టిన కొద్దీ తరుగుతుంది. బ్లేడు ఒక్కటే మార్చుకునే రకమైతే ఇంకా మంచిది.

సాన అంటే గుర్తొచ్చింది. కొత్త స్కేటుకి మామూలుగా పదును ఉండదు! అదే షాపులో సాన పట్టించుకునే బయటికి రండి. బ్లేడు అడుగున రెండు అంచుల మధ్య పట్టే గాడి వంపు ఎంత అని అడుగుతారు, పిల్లాడికి ఏది బాగుంటుందో వాళ్లనే చెప్పమనండి. పెద్దవాళ్లకి చాలా షాపుల్లో అరంగుళం వ్యాసార్థం ఉన్న వంపు పడతారు. ఒక అంచు ఎత్తు, ఒక అంచు తగ్గు వచ్చినా కాలు ఒరుగుతుంది, అప్పుడు మళ్లీ రాగిజావ అంటారు.

["నాన్నా!"] అయిపోయిందిరా. ఇంటికొచ్చాక బ్లేడు గుడ్డతో తుడవండి, లోపలి అట్ట తీసి ఆరబెట్టండి, హీటర్ పక్కన మాత్రం పెట్టకండి. బ్యాగులో పెట్టేటప్పుడు మెత్తటి గుడ్డ కవరు. గట్టి ప్లాస్టిక్ కవరు నడవడానికి మాత్రమే, అందులో ఉంచేస్తే తడి నిలిచి తుప్పు పడుతుంది. ఇక సిమెంటు మీద, పార్కింగ్‌లో ఒట్టి బ్లేడుతో ఒక్క అడుగు కూడా...

[బయట టకటకమని చప్పుడు. ప్రెజెంటర్ తల తిప్పుతాడు.]

ఒరేయ్! కవర్లు పెట్టుకున్నావా?

[జవాబు లేదు. టకటక. కెమెరా ఆగిపోతుంది.]