అరిటాకులో పోయిన రిటైనర్

నమస్తే అండీ. ముందు ఇది చూడండి, కెమెరా దగ్గరికి పెడుతున్నా. కింది వరసలో, ఎడమ పక్కన ఈ పన్ను... పక్కదాని మీదికి భుజం ఎక్కించి నిలబడింది కదా? మన బెంగళూరు మెజెస్టిక్‌లో బస్సు కోసం జనం నిలబడతారే, అలా. రెండేళ్ళు క్లిప్పులు పెట్టించుకుని తిన్నగా చేయించుకున్న పన్నే ఇది!

ఇప్పుడెందుకు చెప్తున్నానంటే, మా పిన్ని కూతురు మారతహళ్ళి పీజీలో ఉంటుంది. పోయిన వారం దానికి క్లిప్పులు తీసేశారు. ఫోన్ చేసి, "అన్నయ్యా, అయిపోయింది! ఇవాళే మొక్కజొన్న పొత్తు కొరుక్కుతింటా" అంది. తినమ్మా. కానీ అవలేదు. తిన్నగా అయిన పళ్ళు మళ్ళీ జరగకుండా పట్టి ఉంచే రిటైనర్ పెట్టుకోవాలి.

పన్నేమీ గోడలో మేకు కాదండీ. దానికీ ఎముకకీ మధ్య సన్నటి నారపోగులుంటాయి. క్లిప్పుతో లాగితే ఒక పక్క ఎముక కరిగి, ఇంకో పక్క కొత్తది పడుతుంది. వేరు చుట్టూ ఉన్న పోగులు మూణ్నాలుగు నెలల్లో సర్దుకుంటాయి. చిగుళ్ళలో ఉన్నవే మొండివి. మెలిపన్నును తిప్పితే అవి రబ్బరు బ్యాండులా సాగి, పన్నును వెనక్కి లాగుతూ అలాగే ఉంటాయి. రైటాన్ అనే పరిశోధకుడు 1959లో కుక్కల పళ్ళు తిప్పి చూశాడు. 232 రోజులు కదలకుండా పట్టి ఉంచినా ఆ పోగులు ఇంకా సర్దుకోలేదు! అందుకే కొందరు డాక్టర్లు చిగురు దగ్గర వాటిని సన్నగా కోసేస్తారు కూడా.

పోనీ, ఏడాది ఓపిక పడితే చాలా? అమెరికాలో, సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ లిటిల్ బృందం, పళ్ళు పీకించి వరస చేయించుకున్నవాళ్ళని ఏళ్ళ తర్వాత కొలిచి చూసింది. 1981లో వచ్చిన లెక్క ప్రకారం, రిటైనర్ మానేసి పదేళ్ళు దాటిన వాళ్ళలో మూడింట రెండొంతుల మందికి కింది పళ్ళు మళ్ళీ గజిబిజి. 1988లో, ఇరవై ఏళ్ళ దగ్గర చూస్తే బాగున్నవి 10 శాతమే. చూసింది 31 మందినేలెండి, అయినా నాకు నోట మాట రాలేదు. ఎవరివి చెడతాయో ముందుగా చెప్పే గుర్తు కూడా వాళ్ళకి దొరకలేదు.

డాక్టర్ని తిట్టకండి. వయసుతో కింది కోరపళ్ళ మధ్య దూరం తగ్గుతుంది, క్లిప్పు మొహం చూడనివాళ్ళకీ అంతే. మా నాన్న పళ్ళే సాక్ష్యం. జ్ఞానదంతం నెట్టేస్తోందంటారు గానీ, ఆ మాటకి గట్టి ఆధారం లేదు. ఆ ఒక్క భయంతో పీకించుకోకండి.

నా రిటైనర్ సంగతంటారా? ఇక్కడే ఒక ఆంధ్రా మెస్‌లో, పప్పు వడ్డిస్తుంటే తీసి టిష్యూలో చుట్టి ఆకు పక్కన పెట్టా. పెరుగన్నం అయ్యాక ఆకు మడిచా, బకెట్లో పడింది. మళ్ళీ చేయించుకోవాలంటే బద్ధకం, ఖర్చు. అంతే, వదిలేశా. అసలు క్లిప్పుల ప్యాకేజీ మాట్లాడుకునేటప్పుడే రిటైనర్ అందులో ఉందా, పోతే ఎంతవుతుందో అడగాలి. మనం ఈఎంఐ ఒక్కటే అడుగుతాం!

రిటైనర్‌గా పళ్ళ వెనక తీగ అంటించినా ఏమరుపాటు కుదరదు. గార పడుతుంది, ఒక చోట ఊడినా మనకి తెలియదు. ప్లాస్టిక్‌దైతే వేణ్ణీళ్ళలో కడగకండి, వంగిపోతుంది.

"ఎన్నాళ్ళు పెట్టుకోవాలి అన్నయ్యా?" అంది మా చెల్లి.

"డాక్టర్ చెప్పినన్నాళ్ళు రోజంతా. తర్వాత రాత్రుళ్ళు, వరస కావాలనుకున్నన్నాళ్ళూ."

"పెళ్ళయ్యాక కూడానా?"

"కూడానే. మెస్‌కెళ్తే మాత్రం డబ్బాలో పెట్టుకో తల్లీ, టిష్యూలో కాదు."