మైనర్‌గా సస్టైనబిలిటీ: ఫోన్-ఇన్‌లో అడిగినవి, చెప్పినవి

యాంకర్: నమస్కారం. మేజర్, అంటే డిగ్రీలో ప్రధాన సబ్జెక్టు, ఏదైనా సరే, పక్కన సస్టైనబిలిటీ, అదే సుస్థిరత, మైనర్‌గా తీసుకోవచ్చా? తీసుకుంటే ఏమైనా ఒరుగుతుందా? ఇవాళ్టి విషయం ఇదే. ఈ మైనర్‌కి పాఠాలు చెప్పే ప్రొఫెసర్ గారు మనతో ఉన్నారు. మేడం, నమస్కారం చెప్పేలోపే లైన్ మోగుతోంది. హలో!

కాలర్: హలో... హలో మేడం, వినిపిస్తోందా?

యాంకర్: వినిపిస్తోంది బాబూ, ముందు మీ రేడియో సౌండ్ కాస్త తగ్గించండి. ఆ, ఇప్పుడు చెప్పండి.

కాలర్: నాది సివిల్ ఇంజనీరింగ్, రెండో సంవత్సరం. ఈ మైనర్ తీసుకుందామనుకుంటే మా సీనియర్లు ‘మొక్కలు నాటే కోర్సు’ అని నవ్వుతున్నారు మేడం. నిజంగా అంతేనా?

ప్రొఫెసర్: మొక్కలు నాటడం తప్పేం కాదులే నాన్నా. సివిల్ అన్నావు కదా, సిమెంట్ దగ్గరికే పోదాం. బట్టీలో సున్నపురాయి కాలుస్తారు. 100 కిలోల స్వచ్ఛమైన రాయి కాలిస్తే సున్నం ఎంత వస్తుంది?

కాలర్: కాల్షియం కార్బొనేట్ 100... ఆక్సైడ్ 56. అంటే 56 కిలోలు.

ప్రొఫెసర్: మిగతా 44 ఏమైనట్టు?

కాలర్: కార్బన్ డయాక్సైడ్ మేడం. గాల్లోకి పోతుంది.

ప్రొఫెసర్: పోతుంది కదా. బట్టీని బొగ్గుతో కాకుండా సౌరశక్తితో వేడి చేశామనుకో, అప్పుడైనా ఆ 44 కిలోలు ఆగుతాయా? ఆగవు. అది మంటలోంచి వచ్చింది కాదు, రాయిలోంచి వచ్చింది. నేను చదువుకునేటప్పుడు మొదటిసారి ఈ లెక్క వేసి, బొగ్గు ఎంత కాలిందో నీటుగా రాసి ఇచ్చాను. మా గురువుగారు ఎర్ర పెన్నుతో ‘రాయి ఏదమ్మా?’ అని రాసి తిప్పి పంపారు. ఆ కాగితం ఇప్పటికీ దాచుకున్నాను.

ఇంతవరకూ స్కూల్ కెమిస్ట్రీ. మైనర్ మొదలయ్యేది ఇక్కడినుంచి. రాయి తక్కువ కాల్చాలంటే క్లింకర్, అంటే సిమెంట్ కోసం బట్టీలో కాల్చి తీసే గడ్డలు, తగ్గించి ఫ్లై యాష్ అనే బొగ్గు బూడిద, ఇనుము తీయగా మిగిలే స్లాగ్ లాంటివి కలపాలి. కలిపితే కాంక్రీటుకి మొదట్లో బలం నెమ్మదిగా వస్తుంది. సెంట్రింగ్ ఇంకొన్నాళ్లు ఉంచాలి. కాంట్రాక్టర్ ఊరుకుంటాడా? రోజు ఆలస్యమైతే అతనికి డబ్బు నష్టం. అది ఎకనామిక్స్. టెండర్ పత్రంలో ఏ సిమెంట్ వాడమని ఉంది, మార్చాలంటే ఎవరు సంతకం పెట్టాలి? అది లా. ఫ్లై యాష్ వచ్చేది బొగ్గు విద్యుత్ కేంద్రాల నుంచి. అవి మూతపడితే బూడిద ఎక్కడినుంచి తెస్తావు? అక్కడ పనిచేసేవాళ్లు ఎక్కడికి పోతారు? అది సోషియాలజీ. ఒక్క సిమెంట్ బస్తా వెంటపడితే నాలుగు డిపార్ట్‌మెంట్ల మెట్లు ఎక్కాలి.

కాలర్: అయితే కోర్సులు ఎలా ఎంచుకోవాలి మేడం?

ప్రొఫెసర్: చాలా యూనివర్సిటీల్లో మైనర్ అంటే ఐదారు కోర్సులు, 15 నుంచి 20 క్రెడిట్లు. ఒకటో రెండో తప్పనిసరి, మిగతావి ఎలెక్టివ్‌లు. అందరూ చేసే పొరపాటు ఏంటంటే, ఆ ఎలెక్టివ్‌లు కూడా తెలిసిన మాస్టార్ల దగ్గరే, సొంత డిపార్ట్‌మెంట్‌లోనే ఏరుకుంటారు. అలా అయితే మైనర్ ఎందుకు? లైఫ్ సైకిల్ అసెస్‌మెంట్, అంటే ఒక వస్తువు తయారీ నుంచి పారేసేదాకా పర్యావరణం మీద పడే భారాన్ని లెక్కగట్టడం, అది ఒకటి తీసుకో, మిగతావాటి కోసం మీ బిల్డింగ్ దాటి బయటికి పో.

యాంకర్: తర్వాతి కాలర్. చెప్పమ్మా.

కాలర్: మేడం, నేను కామర్స్. సైన్స్ స్కూల్‌తోనే వదిలేశాను. నాకు ఇది ఎక్కుతుందా?

ప్రొఫెసర్: నీకే ముందు ఎక్కుతుందమ్మా. ఉద్గారాల లెక్క కూడా పద్దులు రాయడమే. కంపెనీ సొంత బాయిలర్లో, సొంత లారీల్లో కాలింది స్కోప్ 1. కొన్న కరెంటు వెనక పొగ స్కోప్ 2. సరుకు ఇచ్చినవాళ్లది, కొని వాడుకున్నవాళ్లది, ఇలా గడప బయటదంతా స్కోప్ 3. సరే, కంపెనీ తన లారీలన్నీ అమ్మేసి, రవాణా బయటివాళ్లకి ఇచ్చేసింది. ‘మా స్కోప్ 1 సగానికి పడిపోయింది’ అని రిపోర్టులో వేసుకుంది. నువ్వేమంటావు?

కాలర్: పొగ తగ్గలేదు మేడం. ఈ పద్దులోంచి తీసి ఆ పద్దులో వేశారు.

ప్రొఫెసర్: చూశావా, ఇది పట్టుకోవడానికి మా సైన్స్ పిల్లలకి రెండు క్లాసులు పడుతుంది! నీకు కొత్తగా ఉండేది మీథేన్ లాంటి వాటి దగ్గర. భూమిని వేడెక్కించడంలో, వందేళ్ల లెక్కలో చూస్తే ఒక టన్ను మీథేన్ సుమారు 28 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ఇరవై ఏళ్ల లెక్కలో చూస్తే 80 దాటుతుంది. రెండూ నిజమే. ఏది వాడాలన్నది సైన్స్ ఒక్కటే తేల్చదు, అది మనుషులు కూర్చుని ఒప్పుకోవాల్సిన సంగతి. రిపోర్టు చేతిలోకి రాగానే ఏది వాడారో ముందు చూడు.

కాలర్: నమస్తే మేడం, నేను ఒక తల్లిని. మా అమ్మాయి లిటరేచర్ చదువుతోంది. ఈ మైనర్ తీసుకుంటానంటోంది. ఉద్యోగం వస్తుందా అండీ?

ప్రొఫెసర్: మైనర్ చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరండీ. ఆ మాట దాచి చెప్పడం నాకిష్టం లేదు. మేజర్‌లో గట్టిగా ఉన్నవాళ్లకి ఇది అదనపు బలం, అంతే. కానీ లిటరేచర్ అని తక్కువ చేయకండి. 1987లో ఐక్యరాజ్యసమితి వేసిన బ్రంట్‌లాండ్ కమిషన్ నివేదికలో సుస్థిరాభివృద్ధికి ఒక నిర్వచనం ఇచ్చారు. రాబోయే తరాలు తమ అవసరాలు తీర్చుకునే శక్తికి దెబ్బ తగలకుండా ఇప్పటివాళ్ల అవసరాలు తీర్చడం అని. పోస్టర్లన్నిటి మీదా ఇంతవరకే ఉంటుంది. ఆ వెంటనే ఉన్న మాట ఎవరూ అచ్చు వేయరు. ‘అవసరాలు’ అంటే ముఖ్యంగా పేదల కనీస అవసరాలని, వాటికే అన్నిటికన్నా ముందు చోటు ఇవ్వాలని అందులోనే ఉంది. వాక్యం ఎక్కడ కోశారో, ఎందుకు కోశారో కనిపెట్టడం మీ అమ్మాయి చదువే కదండీ.

కాలర్: మేడం, నాకు ఇప్పటికే మూడు సబ్జెక్టులు బ్యాక్‌లాగ్...

ప్రొఫెసర్: ముందు అవి రాసెయ్యి నాన్నా. మైనర్ ఎక్కడికీ పోదు. ఊరికే వినాలనిపిస్తే ఒక క్లాసులో వెనక బెంచీలో కూర్చో, మాస్టార్ని అడిగి.

యాంకర్: చివరి ఫోన్. హలో?

కాలర్: మేడం, నాది కంప్యూటర్ సైన్స్, ఈ మైనర్‌లో ఆఖరి సెమిస్టర్. ప్రాజెక్టు టాపిక్ ‘వాతావరణ మార్పు, కృత్రిమ మేధ పాత్ర’ అని పెట్టుకున్నాను.

ప్రొఫెసర్: అమ్మో! నాలుగు నెలల్లోనా? తగ్గించు.

కాలర్: మా యూనివర్సిటీ మొత్తం కరెంటు వాడకం?

ప్రొఫెసర్: ఇంకా తగ్గించు. ఒక్క బిల్డింగ్. మీ ల్యాబే తీసుకో. అర్ధరాత్రి ఎవరూ లేనప్పుడు ఎంత కరెంటు తాగుతోంది? పగటి వాడకంలో అది ఎన్నో వంతు? సర్వర్లా, ఏసీలా, ఎవరో ఆపకుండా పోయిన మానిటర్లా? కనిపెట్టాక దాన్ని ఆపే అధికారం ఎవరికుంది, వాళ్లు ఎందుకు ఆపలేదు, అది కూడా రాయి. ప్రాజెక్టులో సగం మార్కులు నేనైతే ఆ రెండో ముక్కకే వేస్తాను. ఇంతకీ మీ ల్యాబ్ కరెంటు మీటర్ ఎక్కడుంటుంది?

కాలర్: ... తెలీదు మేడం.

ప్రొఫెసర్: రేపు పొద్దున్నే వాచ్‌మన్‌ని అడుగు. ఆయనకి తెలుస్తుంది.